మెయిన్‌లో లేని పెట్రోల్ వాసన కుళాయిలోకి ఎలా వచ్చింది: ఒక తాగునీటి కేస్ స్టడీ

నేపథ్యం

తాగునీటిలో వాసన వస్తోందన్న ఫిర్యాదులు మా పనిలో తరచుగా ఉంటాయి. క్లోరిన్ మోతాదు పెరగడమో, ట్యాంకులో పాచి పట్టడమో, పైపు తుప్పు పట్టడమో, చాలావరకు వీటిలో ఒకటి తేలుతుంది. ఈ కేసు వాటిలో చేరదు. ఇక్కడ నీళ్ళలో పెట్రోలియం నుంచి వచ్చిన రసాయనాలు నిజంగానే ఉన్నాయి. కానీ మేం వెళ్ళేసరికి చేతిలో ఉన్న రిపోర్టులన్నీ నీళ్ళు బాగున్నాయనే చెబుతున్నాయి. ఆ రిపోర్టుల్లో అబద్ధమేమీ లేదు. ల్యాబ్‌కి వెళ్ళిన నీళ్ళు వేరు, ఆ ఇళ్ళవాళ్ళు తాగుతున్న నీళ్ళు వేరు. అంతే తేడా. ఆ తేడా ఎలా బయటపడిందో, ఒక్కో దశలో ఎందుకు ఆ నిర్ణయం తీసుకున్నామో రాస్తే ఈ పనిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ఊరు, సంస్థ, ఇళ్ళు గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ల్యాబ్ అంకెల్ని కూడా పరిమితులతో పోల్చి చెబుతాను.

నీటి సరఫరా మామూలు పద్ధతిలోనే ఉంది. బోర్ల నుంచి తోడిన నీళ్ళు పెద్ద ట్యాంకుకి వెళ్తాయి. అక్కడ క్లోరిన్ కలిపి వీధి వెంట వేసిన ఇనుప మెయిన్ పైపులోకి వదులుతారు. మెయిన్ నుంచి ఒక్కో ఇంటికి సన్నటి సర్వీస్ పైపు వెళ్తుంది. పాత ఇళ్ళకి గాల్వనైజ్డ్ ఇనుప పైపు, తర్వాత కట్టిన ఇళ్ళకి నల్లటి పాలీథిలీన్ పైపు. కొన్ని ఇళ్ళలో నీళ్ళు నేరుగా వంటింటి ట్యాప్‌కి వస్తాయి, కొన్నింట్లో ముందు పైన ఉన్న ట్యాంకులో పడి ఆ తర్వాత కిందికి దిగుతాయి. ఈ వివరాలు మొదట మాకూ అంత ముఖ్యంగా అనిపించలేదు గానీ, చివరికి కేసు మొత్తం వీటి మీదే నిలబడింది.

ఫిర్యాదు

ఒక వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళు మాత్రమే కిరోసిన్ లాంటి వాసన వస్తోందన్నారు. ఎదురింట్లో ఉంటుంది, పక్కింట్లో ఉండదు. ఉన్న ఇంట్లోనూ రోజంతా ఉండదు. ఫిర్యాదు అందగానే సరఫరా సిబ్బంది వెళ్ళేవారు. వెళ్ళేసరికి ఇంట్లో వాళ్ళు స్నానాలు, వంట, బట్టలు ముగించి ఉండేవారు. ట్యాప్ తిప్పితే ఏ వాసనా తగిలేది కాదు. ఇలా కొంతకాలం గడిచాక ఫిర్యాదు చేసినవాళ్ళది అనుమానమేమో అన్న మాట మొదలైంది. ఇళ్ళల్లో మాత్రం టెన్షన్ పెరిగింది. పిల్లలకి ఇవే నీళ్ళు పట్టాలా అని అడుగుతుంటే సమాధానం చెప్పేవాళ్ళు లేరు.

నేను వెళ్ళినప్పుడు పరికరాలు బయటికి తీయకముందే ఒకావిడని అడిగాను. "ట్యాప్ తిప్పగానే వస్తుందా అమ్మా వాసన?"

ఆవిడ కాస్త ఆలోచించి చెప్పారు. "తిప్పగానే కాదండీ. ముందు కాసిని నీళ్ళు మామూలుగానే వస్తాయి. తర్వాత ఒక్కసారి గుప్పుమంటుంది. ఓ బకెట్ నిండేలోపు మళ్ళీ పోతుంది. పొద్దున్నే ఎక్కువ, సాయంత్రం బయటి నుంచి వచ్చి తిప్పినా కొంచెం ఉంటుంది."

ఆ మాటలు అలాగే రాసుకున్నాను. అనుమానంతో మాట్లాడే మనిషి ఇంత వివరంగా చెప్పరు. వాసన మొదట లేకపోవడం, మధ్యలో రావడం, తర్వాత పోవడం, పైపులో నీళ్ళు ఎక్కువసేపు నిలిచి ఉన్నప్పుడే ఇదంతా జరగడం గాలిమాటలు కావు. పైపు పొడవునా ఎక్కడో ఒక చోటుని చూపిస్తున్నాయి.

అప్పటికే చేసినవి, అవి పనికిరాకపోవడానికి కారణాలు

మొదట టీడీఎస్ మీటర్ పెట్టి చూశారు. అది నీటిలో కరిగిన లవణాల వల్ల కరెంట్ ఎంత పారుతుందో కొలిచి అంకె చూపిస్తుంది. పెట్రోల్‌లో ఉండే బెంజీన్, టొలీన్ లాంటివి కరెంట్ మోసే అయాన్లుగా విడిపోవు కాబట్టి నీళ్ళలో అవి ఎంత ఉన్నా ఆ అంకె కదలదు. ఇళ్ళల్లో ఈ మీటర్ మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అంకె తక్కువ వచ్చిందని నిశ్చింతగా తాగేస్తారు.

తర్వాత నూనె, గ్రీజు పరీక్ష చేయించారు. పెట్రోల్ వాసన అంటే నూనె పరీక్షే గుర్తుకు రావడం సహజం. కానీ ఆ పద్ధతిలో నీటిని హెక్సేన్‌తో కలిపి, ఆ హెక్సేన్‌ని వేడిమీద ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని తూకం వేస్తారు. హెక్సేన్‌తోపాటే పెట్రోల్‌లోని తేలిక భాగాలన్నీ ఎగిరిపోతాయి. పైగా ఆ తూకం పట్టుకోగలిగేది లీటరుకు మిల్లీగ్రాముల్లో. మనం వెతుకుతున్నది అందులో వెయ్యో వంతు, అంటే మైక్రోగ్రాముల్లో. రిపోర్టులో "కనుగొనబడలేదు" అని రాశారు. నిజమే, ఆ పద్ధతితో ఎవరు వెతికినా కనుగొనలేరు.

చివరికి సరైన పరీక్షే చేయించారు. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిపి చేసే, ఇట్టే ఆవిరయ్యే రసాయనాల పరీక్ష. అందులోనూ ఏమీ రాలేదు. ల్యాబ్‌లో తప్పు జరగలేదు. శాంపిల్ తీసిన ఫారం తెప్పించి చూస్తే, "ట్యాప్ అయిదు నిమిషాలు వదిలిన తర్వాత తీసినది" అని శుభ్రంగా రాసి ఉంది. సరఫరా నీటి నాణ్యత చూడ్డానికి అదే పద్ధతి, మెయిన్‌లోంచి తాజా నీళ్ళు రావాలి కదా. బ్యాక్టీరియా పరీక్షకైనా, ఇలాంటి ఆవిరి రసాయనాల పరీక్షకైనా సాధారణంగా ట్యాప్ వదిలేసే పడతారు. కానీ ఆ అయిదు నిమిషాల్లో మనకి కావలసిన నీళ్ళు కాస్తా సింక్‌లోకి పోయాయి.

ఇళ్ళవాళ్ళు తమ ప్రయత్నాలు తాము చేశారు. కొందరు నీళ్ళు కాచారు. కాస్తే బెంజీన్ చాలావరకు ఆవిరవుతుంది, కానీ వెళ్ళేది ఆ వంటగది గాలిలోకే. తాగే బదులు పీలుస్తాం. కొందరు చిన్న కార్బన్ ఫిల్టర్ బిగించుకున్నారు. కార్బన్ ఈ రసాయనాల్ని పట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. కాకపోతే ఎన్ని లీటర్ల తర్వాత నిండిపోతుందో ఆ ఇంట్లో తెలిసే దారి లేదు. స్నానపు నీళ్ళకి ఫిల్టర్ లేదు, వేడినీళ్ళ షవర్‌లో ఇవి గాలిలోకి ఇట్టే తేలిపోతాయి. సరఫరా వాళ్ళు క్లోరిన్ పెంచి చూశారు, దానివల్ల క్లోరిన్ వాసన పెరిగింది.

మేం ఎటు నుంచి ఆలోచించాం

నాలుగు చోట్ల నుంచి రావచ్చు. బోరు, మెయిన్ పైపు, ఇంటి లోపలి పైపులు, మెయిన్‌కి ఇంటికి మధ్య ఉన్న సర్వీస్ పైపు.

బోరు మీద అనుమానం అందరికీ ఉంటుంది, భూగర్భ జలంలో పెట్రోల్ కలవడం కొత్త విషయం కాదు. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో తాగునీటి బావులు ఎంటీబీఈ వల్ల మూసేయాల్సి వచ్చింది. పెట్రోల్ బాగా మండడానికి కలిపే ఈ రసాయనం లీటరు నీటిలో దాదాపు 50 గ్రాముల దాకా కరుగుతుంది. బెంజీన్ కరిగేది 2 గ్రాముల లోపే. ఎంటీబీఈ మట్టికి అంటుకోదు, త్వరగా విచ్ఛిన్నం కాదు, అందుకే పెట్రోల్‌లోని మిగతా రసాయనాల కన్నా ముందు అదే బావి చేరుతుంది. ఆ కారణంతో బోర్ల నీటిలో బెంజీన్ వర్గంతోపాటు ఎంటీబీఈ కూడా చూడమని ల్యాబ్‌ని అడిగాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇలాంటి శాంపిళ్ళు చెడకుండా మామూలుగా యాసిడ్ వేస్తారు. యాసిడ్ ఉన్న నీటిని పరీక్షలో వేడిచేస్తే ఎంటీబీఈలో కొంత టెర్షియరీ బ్యుటైల్ ఆల్కహాల్ అనే వేరే రసాయనంగా మారిపోతుంది. వేడి చేయకుండా ఆవిరి లాగుతారో లేదో ముందే కనుక్కుని పంపాం. వేడిచేసే పద్ధతి తప్పనిసరైతే యాసిడ్‌కి బదులు ట్రైసోడియం ఫాస్ఫేట్ వాడమని అడగాలి. బోర్లలో ఏదీ రాలేదు. నిజానికి బోరే కారణమైతే వాసన ఊరంతా రావాలి, ఈ ఒక్క వీధిలోని కొన్ని ఇళ్ళకే పరిమితం కాదు. అయినా నోటితో కొట్టిపారేయకుండా పరీక్షతో కొట్టేయడం మంచిదనుకున్నాం, ఆ తర్వాత ఎవరూ మళ్ళీ బోర్ల మాట ఎత్తలేదు.

మెయిన్ కూడా అదే తర్కంతో పక్కకి పోయింది. ఒకే మెయిన్ మీద ఉన్న పక్క పక్క ఇళ్ళలో ఒకదానికి ఉండి ఒకదానికి లేకపోవడం మెయిన్ వల్ల కుదరదు.

ఇంటి లోపలి పైపుల అనుమానం కొంచెం గట్టిది. ఫిర్యాదులు ఎక్కువగా కొత్త ఇళ్ళ నుంచే. పీవీసీ పైపులు అతికించే సిమెంట్‌లో ఘాటైన ద్రావకాలు ఉంటాయి, కొత్త ఇంట్లో కొన్నాళ్ళు నీళ్ళు ఆ వాసన కొట్టడం మామూలే. దీన్ని తేల్చడానికి మనుషుల వాదన అక్కర్లేదు, రసాయనాల జాబితా చాలు. అతికించే సిమెంట్ అయితే టెట్రాహైడ్రోఫ్యూరాన్, బ్యుటనోన్ లాంటివి రావాలి. పెట్రోల్ అయితే బెంజీన్, టొలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్లు, వాటితోపాటు ట్రైమిథైల్ బెంజీన్లు గుంపుగా రావాలి. అందుకే ఒక్క బెంజీన్ మాత్రమే చూడమనకుండా పూర్తి జాబితా అడిగాం. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ ఏది ఉందో తెలియడంతో పాటు ఏది లేదో తెలియడం ఇక్కడ అంతే విలువైనది.

మిగిలింది సర్వీస్ పైపు. ఇళ్ళ పట్టిక వేసుకున్నాం. సర్వీస్ పైపు దేనితో చేసినది, నీళ్ళు నేరుగా వస్తాయా ట్యాంకులో పడి వస్తాయా, వాసన ఉందా లేదా. పాలీథిలీన్ పైపు ఉండి నేరుగా నీళ్ళు వచ్చే ఇళ్ళలోనే ఫిర్యాదు ఉంది. ఇనుప పైపు ఉన్న ఏ ఇంట్లోనూ లేదు. పాలీథిలీన్ ఉండి పైన ట్యాంకు ఉన్న ఇళ్ళలో లేదు, లేదా ఎప్పుడో ఒకసారి. ట్యాంకులో ఆ కాసిని నీళ్ళు వందల లీటర్లలో కలిసిపోతాయి, కొంత ఆవిరైపోతుంది. ఆ ఇళ్ళు సురక్షితమని దాని అర్థం కాదు, వాళ్ళకి తెలియడం లేదంతే. ఈ పట్టిక పూర్తయ్యాక ల్యాబ్ రిపోర్టు రాకముందే మాకు దాదాపు స్పష్టమైంది.

పాలీథిలీన్ చూడ్డానికి గట్టిగా ఉన్నా ఇలాంటి చిన్న చిన్న హైడ్రోకార్బన్ అణువులకి అది గోడ కాదు. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టిన పెట్రోల్ వాసన బయటికి తెలిసినట్టే ఇక్కడ బయటి మట్టిలోని పెట్రోల్ పైపు లోపలికి తెలుస్తుంది. అణువులు ముందు ప్లాస్టిక్‌లో కరుగుతాయి, మెల్లగా లోపలి అంచుకి చేరతాయి, అక్కడ నీటిలోకి దిగుతాయి. పైపు పగలక్కర్లేదు, జాయింట్ లీక్ కానక్కర్లేదు. లోపల నీటి ఒత్తిడి ఉన్నా ఆగదు, ఎందుకంటే ఇది ఒత్తిడితో జరిగే పని కాదు. నీళ్ళు పారుతుంటే చేరే కొద్దిపాటి రసాయనం పలచబడిపోతుంది. రాత్రంతా నిలిచి ఉంటే గంట గంటకీ పేరుకుంటుంది.

శాంపిల్ తీసిన తీరు

రాత్రి నిలిచిన నీళ్ళు కావాలని తెలుసు. అయితే పొద్దున్నే ట్యాప్ తిప్పి వచ్చిన మొదటి నీళ్ళు పట్టుకుంటే చాలదా? చాలదు. ఆవిడ చెప్పిన మాట గుర్తుంది కదా, ముందు కాసిని నీళ్ళు మామూలుగానే వస్తాయి. ట్యాప్‌కి దగ్గరగా ఉన్నది ఇంటి లోపలి పైపు. అందులో నిలిచిన నీటికి మట్టితో సంబంధం లేదు. ఇక్కడ చిన్న లెక్క అవసరమైంది. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు ఉన్న పైపులో మీటరు పొడవుకి సుమారు 0.31 లీటరు నీళ్ళు పడతాయి. ట్యాప్ నుంచి గోడ దాకా లోపలి పైపు ఎంత పొడవు, అక్కడి నుంచి మెయిన్ దాకా సర్వీస్ పైపు ఎంత పొడవు అని టేపు పెట్టి కొలిచాం. దాన్నిబట్టి ఎన్ని లీటర్ల తర్వాత మట్టిలోని పైపు నీళ్ళు మొదలవుతాయో, ఎన్ని లీటర్లకి అయిపోయి మెయిన్ నీళ్ళు వస్తాయో అంచనా వచ్చింది. మొదటి నీళ్ళ నుంచి మొదలుపెట్టి వరుసగా, కొలత గిన్నెతో లెక్కపెట్టుకుంటూ, మెయిన్ నీళ్ళు వచ్చేదాకా శాంపిళ్ళు తీయాలని నిర్ణయించుకున్నాం. ముందు రోజు రాత్రి ఇంట్లో అందరూ పడుకునే ముందు మీటర్ రీడింగ్ రాసుకోమన్నాం. పొద్దున ట్యాప్ తిప్పకముందు మళ్ళీ చూసి, రాత్రి ఎవరూ నీళ్ళు వాడలేదని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాం.

నీళ్ళు పట్టే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. 40 మిల్లీలీటర్ల గాజు వయల్, అంటే చిన్న సీసా, మూతలో టెఫ్లాన్ పూత ఉన్న రబ్బరు బిళ్ళ. ల్యాబ్ నుంచి వచ్చేటప్పుడే క్లోరిన్ ప్రభావం తీసేయడానికి కొంచెం ఆస్కార్బిక్ యాసిడ్ వేసి ఉంటుంది కాబట్టి వయల్‌ని కడగకూడదు, పొంగి పొర్లనివ్వకూడదు. ట్యాప్ మూతికి ఉన్న జల్లెడ విప్పేసి, ధార సన్నగా చేసి, వయల్‌ని కొంచెం వంచి గోడ వెంట జారేలా పడతాం. మెడ దాకా రాగానే హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు వేసి, నీళ్ళు అంచు మీద ఉబ్బుగా నిలిచేదాకా నింపి, మూతని పక్కనుంచి జార్చి బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూస్తాం. బుడగ పైకి లేస్తే ఆ వయల్ పక్కన పెట్టేస్తాం. వయల్‌లో గాలి ఉంటే రసాయనం నీటిలోంచి ఆ గాలిలోకి వెళ్ళిపోతుంది. ప్లాస్టిక్ సీసాలో సగం నింపి పంపిన నీటికి ఈ పరీక్ష చేయించడం డబ్బు దండగ. నింపిన వయల్స్‌ని మంచు మీద 4 డిగ్రీల దగ్గర ఉంచి పంపాలి, 14 రోజుల్లోపు పరీక్ష అయిపోవాలి.

వీటితోపాటు ట్రిప్ బ్లాంక్ అని ఒక వయల్ ఉంటుంది. ల్యాబ్‌లోనే శుభ్రమైన నీళ్ళు నింపి మూసేసి పంపుతారు, మనతోపాటు తిరిగి మళ్ళీ ల్యాబ్‌కే వెళ్తుంది, ఎక్కడా తెరవం. దాని విలువ ఈ కేసులో కళ్ళారా చూశాం. ఒక విడత శాంపిళ్ళలో టొలీన్ వచ్చింది, ట్రిప్ బ్లాంక్‌లోనూ వచ్చింది. వెతికితే, పెట్టెలు మోసుకెళ్ళిన వాహనంలో జనరేటర్ కోసం ఇంధనం డబ్బా ఉందని తేలింది. ఆ విడత మొత్తం పక్కన పెట్టి మళ్ళీ తీశాం. బ్లాంక్ లేకపోయి ఉంటే ఆ టొలీన్‌ని ఇంటి నీళ్ళ ఖాతాలో రాసేవాళ్ళం. లేబుల్ మీద రాసే పర్మనెంట్ మార్కర్‌లో కూడా ఇదే జాతి ద్రావకాలు ఉండొచ్చు, అందుకే పెన్సిల్ వాడతాం.

ఏం తేలింది

వరుస చూడగానే విషయం అర్థమైంది. మొదటి వయల్‌లో దాదాపు ఏమీ లేదు. లెక్క ప్రకారం మట్టిలోని పైపు నీళ్ళు రావాల్సిన చోట టొలీన్, జైలీన్లు ఒక్కసారి పెరిగాయి, వాటితో బెంజీన్ కూడా. ఆ తర్వాత వరుసగా తగ్గి, మెయిన్ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేవు. అతికించే సిమెంట్ ద్రావకాలు ఎక్కడా లేవు. అదే వీధిలో ఇనుప పైపు ఉన్న ఇంట్లో ఇదే పద్ధతిలో తీసిన వరుసలో మొదటి నుంచి చివరిదాకా ఏమీ లేదు.

ఎక్కువ ప్రభావం ఉన్న ఇంట్లో ఆ మధ్య వయల్స్‌లోని బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితిని దాటింది. ఆ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అమెరికాలో 5, యూరోపియన్ యూనియన్‌లో 1. ఈ అంకెల్ని ఇళ్ళవాళ్ళకి ఎలా చెప్పాలన్నది చిన్న విషయం కాదు. బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన రసాయనం, ఆ మాట దాచకూడదు. అదే సమయంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి జీవితాంతం రోజూ ఆ నీళ్ళే తాగితే అదనంగా ఉండే ముప్పు లక్షలో ఒకటి అన్న లెక్కతో పెట్టినది. నిన్న తాగిన గ్లాసు గురించి రాత్రంతా నిద్ర మానుకోనక్కర్లేదు, రేపటి నుంచి తాగకుండా ఉంటే చాలు అని చెప్పాం.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వాసన లేకపోతే బెంజీన్ లేదనుకోవద్దు. ముక్కుకి తగిలేది ఎక్కువగా టొలీన్, జైలీన్, ఇథైల్ బెంజీన్. అవి లీటరుకు పదుల మైక్రోగ్రాముల్లోనే పసిగట్టేవాళ్ళు ఉంటారు. బెంజీన్ వాసన నీళ్ళలో తెలియాలంటే మిల్లీగ్రాముల్లో ఉండాలి, అంటే పరిమితికి ఎన్నో రెట్లు. ఇక్కడ వాసన వచ్చింది కాబట్టి బయటపడింది.

మట్టి సంగతి తేల్చడానికి సర్వీస్ పైపుల పక్కన చిన్న గుంతలు తవ్వించాం. మోకాలి లోతు దాటగానే పనివాళ్ళకే తెలిసిపోయింది. గాలిలో ఇలాంటి రసాయనాల ఆవిరి ఎంత ఉందో చూపే పీఐడీ మీటర్ గుంత అంచున పట్టుకుంటే అంకె గబగబా పైకి వెళ్ళింది. పాత పటాలు తిరగేస్తే, వీధి కొసన ఒకప్పుడు వాహనాల మరమ్మతు ఆవరణ, దానికింద ఇంధనం ట్యాంకు ఉండేవని తేలింది. ఆవరణ మూసేశారు, ట్యాంకు మాత్రం భూమిలోనే ఉండిపోయింది. ఇళ్ళు ఆ తర్వాత వచ్చాయి, పైపులు వేసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఏం చేశాం, ఏది కుదరలేదు

వెంటనే చేయాల్సింది తాగడానికి, వంటకి వేరే నీళ్ళు. పొద్దున ట్యాప్ కాసేపు వదిలేయండి అని చెప్పి ఊరుకుంటే సరిపోదా అని సరఫరా పక్షం నుంచి అడిగారు. వదిలేస్తే తగ్గుతుందని మా రిపోర్టే చెబుతోంది, కాదనలేం. కానీ నీళ్ళు నిలిచేది రాత్రి ఒక్కటే కాదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడూ నిలుస్తాయి. అర్ధరాత్రి దాహం వేసిన పిల్లవాడు పది లీటర్లు పారబోసి తాగడు. అందుకని తాగునీరు ట్యాంకర్‌తో ఇప్పించి, ట్యాప్ వదలడాన్ని స్నానానికి, ఇతర అవసరాలకి మాత్రమే చెప్పాం, స్నానాలగదిలో కిటికీ తెరిచి ఉంచమన్నాం.

శాశ్వత పరిష్కారంగా మొదట మట్టి మార్చి చూశారు. ఒక ఇంటి దగ్గర పైపు చుట్టూ చెడ్డ మట్టి తీసేసి శుభ్రమైన ఇసుక నింపారు, పైపు అదే ఉంచారు. తవ్వకం ఎలాగూ జరిగింది, పైపు బాగానే ఉంది, ఎందుకు మార్చాలి అన్నది వాళ్ళ వాదన. మేం వద్దన్నాం, కానీ ఒక చోట చూద్దామంటే ఒప్పుకున్నాం, ఎలాగూ కొలుస్తాం కాబట్టి. కొన్ని వారాల తర్వాత కూడా నిలిచిన నీటిలో రసాయనాలు వస్తూనే ఉన్నాయి. తగ్గాయి గానీ పోలేదు. పైపు గోడలోనే అన్నేళ్ళుగా ఇంకిన హైడ్రోకార్బన్లు ఉన్నాయి, అవి అటూ ఇటూ దిగుతూనే ఉంటాయి. పైగా చుట్టుపక్కల మట్టి నుంచి ఆవిరి ఆ ఇసుకలోకి మళ్ళీ వస్తుంది. పాలీథిలీన్‌లోకి దూరడానికి ద్రవం అక్కర్లేదు, ఆవిరి చాలు.

కాబట్టి పైపే మార్చారు. రాగి పైపా, మధ్యలో అల్యూమినియం పొర ఉన్న బ్యారియర్ పైపా అని చర్చ వచ్చింది. రెండూ ఈ అణువుల్ని ఆపుతాయి. మట్టిలో లోహం తినేసే గుణం ఉందేమోనన్న సందేహంతో బ్యారియర్ పైపు వైపు మొగ్గాం. ఏది వేసినా జాయింట్ల దగ్గర రబ్బరు వాషర్లు ఏవన్నది పట్టించుకోవాలి. మామూలు రబ్బరు ఈ రసాయనాల్ని లోపలికి రానిస్తుంది, నైట్రైల్ రబ్బరు దానికన్నా మెరుగు. పైపు మంచిది వేసి జాయింట్‌లో దొరికిన వాషర్ పెడితే పని సగమే అయినట్టు. ఈ ముక్క పనివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి, ప్రతి జాయింట్ పూడ్చకముందు ఫోటో తీయించాం. ఫిర్యాదు లేని ఇళ్ళకీ, అంటే ట్యాంకు ఉన్నవాటికీ, పాలీథిలీన్ పైపు ఉంటే మార్పించాం. దీనికి కొంచెం పట్టుబట్టాల్సి వచ్చింది.

పని అయ్యాక మర్నాడే ఒక పరీక్ష చేసి కేసు మూసేద్దామన్నారు. ఒప్పుకోలేదు. కొత్తగా పాత రకం పాలీథిలీన్ పైపే వేసినా మర్నాడు నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి. అణువులు గోడ దాటి లోపలికి రావడానికి వారాలు పట్టొచ్చు. మర్నాటి శాంపిల్ పైపు కొత్తదని చెబుతుంది, అడ్డుకుంటోందని చెప్పదు. అందుకని నెలల తేడాతో, అందులో ఒకటి కచ్చితంగా ఎండలు ముదిరినప్పుడు, అదే ట్యాప్ దగ్గర, అదే రాత్రి నిలవతో, అదే వరుసలో తీశాం. వేడి పెరిగితే ప్లాస్టిక్‌లోంచి ఇవి దాటే వేగం పెరుగుతుంది కాబట్టి వేసవి శాంపిల్‌లో కూడా రాకపోతేనే నమ్మొచ్చు. రాలేదు.

పాఠాలు

ఈ కేసు తర్వాత మా శాంపిల్ ఫారం మారింది. ఇదివరకు "ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు" అని రెండే గడులు ఉండేవి. ఇప్పుడు నీళ్ళు ఎంతసేపు నిలిచి ఉన్నాయి, ట్యాప్ తిప్పాక ఎన్ని లీటర్లు వదిలి తీశారు, సర్వీస్ పైపు దేనితో చేసినది, మధ్యలో ట్యాంకు ఉందా అన్నవి కూడా నింపాలి. అవి ఖాళీగా ఉంటే ల్యాబ్‌కి పంపం. ఫిర్యాదు చేసినవాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే రాసే గడి ఒకటి పెట్టాం. నా దృష్టిలో ఫారంలో ఎక్కువ పనికొచ్చేది అదే.

సొంతంగా నీళ్ళు పరీక్ష చేయించుకోవాలనుకునేవాళ్ళు ల్యాబ్‌ని ముందే అడగాల్సినవి ఉన్నాయి. ఏయే రసాయనాలు చూస్తారు, ఎంత తక్కువ దాకా పట్టుకోగలరు, వయల్స్ మీరే ఇస్తారా, ట్రిప్ బ్లాంక్ ఉంటుందా. పట్టుకోగలిగే అంకె మీరు పోల్చుకునే పరిమితి కన్నా బాగా కింద ఉండాలి. పరిమితి 1 మైక్రోగ్రాము అయినప్పుడు 5 దాకా మాత్రమే చూడగల పరీక్షలో "కనుగొనబడలేదు" అని వస్తే అది సమాధానం కాదు. రిపోర్టులో ఆ మాట పక్కన ఆ అంకె రాసి ఇవ్వమని అడగండి, ఇవ్వాలి కూడా.

పాత ఇంధనం ట్యాంకు తవ్వి తీసేశారు. మట్టిలోంచి ఆవిరి లాగేసే పని ఇంకా నడుస్తోంది, అది త్వరగా ముగిసేది కాదు. ఆ వీధిలో ఇకమీదట వేసే ఏ నీటి పైపైనా బ్యారియర్ పైపే కావాలని సరఫరా పటం మీద గుర్తు పెట్టించాం. పక్క వీధిలో పాలీథిలీన్ పైపులున్న ఇళ్ళ శాంపిళ్ళు ఇదే వరుస పద్ధతిలో తీయడం మొదలైంది.